ఏమీ తిరిగి రాని సాక్ష్యం

2019 డిసెంబరు 31 రాత్రి మా గుళ్ళో వాచ్‌నైట్ ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే పళ్ళెంలో వాగ్దానపు కార్డులు తిప్పారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. నాకు యెషయా 43:19 వచ్చింది, దేవుడు నూతన క్రియ చేస్తానన్న వాక్యం. మా ఆయన నా భుజం మీదుగా చదివి, "అయితే ఈ యేడు కొత్త మోటారు ఖాయం" అన్నారు. మా పాత మోటారు వైండింగ్ అప్పటికి మూడుసార్లు కాలిపోయింది. ఆయనకి ఏ కార్డు వచ్చిందో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. చదువుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు. నేను చూసుకోకుండా ఆ చొక్కా ఉతికేశాను.

ఎనిమిది నెలలు తిరక్కుండానే ఆయన పోయారు.

"గుళ్ళో చెప్పావుగా అమ్మా, అదే రాయి" అని మా అమ్మాయి రెండేళ్ళుగా పోరుతోంది. గుళ్ళో చెప్పింది ఐదు నిమిషాలు. రాయాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేను పుట్టింది గోదావరికి అవతల, సఖినేటిపల్లి వైపు. ఇచ్చింది ఇవతల, నరసాపురం దగ్గర ఒక శివారు ఊరికి. మధ్యలో వశిష్ఠ, గోదావరి పాయ. పుట్టింటికి వెళ్ళాలంటే మాధవాయిపాలెం రేవులో పంటు, అంటే బండ్లనీ మనుషుల్నీ దాటించే పెద్ద పడవ, ఎక్కాలి. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు గాని, పంటు మీద మోటారు సైకిళ్ళ మధ్య నిలబడి వెళ్తేనే నాకు పుట్టింటికి వెళ్తున్నట్టుంటుంది.

పుట్టింటివాళ్ళు బ్రదరన్. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు నరసాపురం, పాలకొల్లుల్లో మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషను తాలూకు సంఘం. మా నాన్న అందులో పెద్ద. అక్కడ ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, ఆడవాళ్ళు ముసుగు వేసుకుని కూర్చుంటారు, గౌను వేసుకున్న అయ్యగారంటూ, అంటే పాస్టరంటూ, ఎవరూ ఉండరు. అత్తింటివాళ్ళు లూథరన్. ఇక్కడ అయ్యగారు ఉంటారు, ఆరాధన క్రమం పుస్తకం ఉంటుంది, బల్ల మీద కప్పే గుడ్డ కాలాన్ని బట్టి రంగు మారుతుంది. 1990లో పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఆదివారం ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక నవ్వులపాలయ్యాను. పుట్టింటికి వెళ్ళి, "అక్కడ దేవుడు వేరేలా ఉన్నాడే అమ్మా" అని ఏడిస్తే, "దేవుడు కాదే, బెంచీలు వేరు" అంది అమ్మ. ఇరవయ్యేళ్ళ పిల్లకి అదే పెద్ద మార్పు.

మా మామగారి తండ్రి పాలేరు. మామగారు ముప్ఫై సెంట్లు, యాభై సెంట్లు చొప్పున పాతికేళ్ళలో రెండెకరాలు కొన్నారు. కాలువ చిట్టచివరి పొలం. వానాకాలం పంట సార్వాలో మునుగుతుంది, రెండో పంట దాళ్వాలో నీళ్ళందక బీటలు తీస్తుంది. అయినా ఆ గట్టెక్కితే చాలు, మా ఆయన నడకే మారిపోయేది. చుట్టుపక్కల చేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోయాయి. వనామీ రకం రొయ్య వచ్చాక లీజు డబ్బు వరి కౌలుకి ఎన్నో రెట్లని తెలిసి కూడా ఆయన ఒప్పుకోలేదు. "మా నాన్న కడుపు మాడ్చుకుని కొన్న మట్టి, ఇందులో ఉప్పునీళ్ళు పెట్టను" అనేవారు.

ఆగస్టు 2020, గోదావరికి పెద్ద వరదొచ్చిన వారం. పొద్దున్నే వెళ్ళి తెగిన గట్టు కట్టి వచ్చారు. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుని కాఫీ అడిగారు. గ్లాసు పట్టుకొచ్చేసరికి స్తంభానికి ఒరిగి ఉన్నారు. ఆటోలో టౌనుకి తీసుకెళ్తే, మొదటి ఆసుపత్రిలో కరోనా టెస్టు కాగితం లేనిదే లోపలికి రానివ్వమన్నారు. రెండో చోట చెయ్యి పట్టి చూసి, అయిపోయిందన్నారు. ఇంటికొచ్చాక చూస్తే ఆ గ్లాసు అరుగు మీదే ఉంది. ఈగ పడి ఉంది అందులో.

చావుకి ఇరవై మందికి మించి ఉండకూడదని అప్పట్లో రూలు. మా పేటలోనే రెండొందల గడప. ఎవరు ఆ ఇరవై మందో లెక్కపెట్టే పని మా అబ్బాయి మీద పడింది. హైదరాబాదు నుంచి రాత్రంతా కారు నడుపుకొచ్చిన పిల్లాడు, తండ్రి శవం పక్కన కూర్చుని కాగితం మీద పేర్లు కొట్టేస్తున్నాడు. వరదకి పంటు ఆపేస్తే మా తమ్ముడు చించినాడ మీదుగా తిరిగొచ్చేసరికి మట్టి వేసేశారు. పావుగంటలో భూస్థాపన ముగిసింది. పాట పాడితే మాస్కుల్లోంచి సగమే వినిపించింది.

నా మెడలో పుస్తెలున్నాయి, సిలువ గుర్తు వేసినవి. "తీసేద్దామక్కా, ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారో" అని మా తోటికోడలు మెల్లగా అంది. అయ్యగారు విని, "మన క్రమంలో అలాంటిది లేదమ్మా, ఆవిడ ఇష్టం" అన్నారు. నేను ఉంచుకున్నాను. భక్తితో కాదు, మొండితనంతో. అవి తీస్తే ఆయన పోయినట్టు నేను సంతకం పెట్టినట్టేనని.

ఆ తర్వాత ఫోన్లు. "దేవుని చిత్తం అమ్మా." "దేవుడు మంచివాళ్ళని ముందే తీసుకుంటాడు." "ఆయన పరదైసులో ఉన్నారు, మనం ఏడవకూడదు." చెప్పినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. కానీ ఒక్కో ఫోను పెట్టేశాక నాకు ఏదైనా విసిరికొట్టాలనిపించేది. ఇంకా నిజం చెప్పాలంటే, అందరికన్నా ఎక్కువ కోపం నా మీదే. పదకొండేళ్ళు స్త్రీల సమాజం కార్యదర్శిగా చేశాను. ఎన్ని ఇళ్ళకి ఆదరణ కూడికకి వెళ్ళి, ఎంతమంది ఆడవాళ్ళ చెయ్యి పట్టుకుని ఇదే మాట అన్నానో. ఒకావిడకి పదహారేళ్ళ కొడుకు కాలువలో పోయాడు. ఆవిడకీ చెప్పాను. ఆవిడ నా వంక ఎందుకు అలా చూసిందో నాకు పదేళ్ళ తర్వాత అర్థమైంది. బైబిల్లో, అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు వచ్చి ఏడు రోజులు నోరెత్తకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారని ఉంది. అక్కడిదాకా వాళ్ళు బాగానే చేశారు. నోరు తెరిచాకే చెడింది.

నేను ప్రార్థన మానేశాను. మానేయాలని అనుకోలేదు, మోకాళ్ళూనితే మాట వచ్చేది కాదు. గుడి తెరిచాక కూడా రెండు మూడు వారాలు వెళ్ళలేదు. అప్పుడే నాన్న గుర్తొచ్చారు.

1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుపాను మా వైపు అందరికీ తెలుసు. మా నాన్న కొబ్బరి తోటలో తెల్లవారేసరికి నిలబడ్డ చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ఒకే దిక్కుకి పడి ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. నేను వారం తర్వాత పంటు దాటి వెళ్ళాను. నాన్న ఏమీ మాట్లాడలేదు. సంఘానికి పెద్ద కాబట్టి ఆయన ధైర్యం గురించి అందరూ గొప్పగా చెప్పుకున్నారు. చాలా ఏళ్ళకి, ఆయన చివరి రోజుల్లో, మంచం దగ్గర కూర్చున్నప్పుడు నాతో అన్నారు: "తుపాను తర్వాత మూడు నెలలు దేవుడితో మాట్లాడలేదమ్మా. కూడికకి మాత్రం వెళ్ళేవాణ్ణి. వాళ్ళు ప్రార్థన చేస్తుంటే కూర్చునేవాణ్ణి. నా బదులు వాళ్ళు చేస్తున్నార్లే అనుకునేవాణ్ణి."

అప్పట్లో ఆ మాట నాకు వింతగా అనిపించింది. 2020లో అదే దారి చూపించింది. మళ్ళీ గుడికి వెళ్ళడం మొదలుపెట్టాను. వెనక, తలుపు పక్కన, ఆరడుగుల దూరంలో వేసిన ప్లాస్టిక్ కుర్చీలో. నోరు విప్పేదాన్ని కాదు. లూథరన్ క్రమంలో ఒక సుఖం ఉంది: నీకు మాట లేకపోయినా పుస్తకంలో మాట ఉంటుంది, పక్కవాళ్ళు అనేస్తారు. కొత్త కోడలిగా ఏ పుస్తకం చూసి భయపడ్డానో ముప్ఫై ఏళ్ళకి అదే నన్ను మోసింది.

మా వీధి చివర ఒక మామ్మగారు ఉండేవారు. ఒకప్పుడు బైబిలు స్త్రీగా ఊరూరా తిరిగి పనిచేసిన మనిషి, అప్పటికే ఎనభై దాటాయి. ఆవిడ ఫోను చేయలేదు. కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చునేవారు, చేతిలో లేసు. గంట కూర్చుని వెళ్ళిపోయేవారు. నాలుగో రోజో ఐదో రోజో, "కీర్తనలు చదువుతున్నావా?" అన్నారు. "యెహోవా నా కాపరి" అనే 23 చదవలేకపోతున్నానండీ అన్నాను. "దాన్నెవరు చదవమన్నారు? 88 చదువు" అన్నారు.

మీలో ఎంతమంది చదివారో గాని, నేను అన్నేళ్ళు గుడికి వెళ్ళి కూడా ఆ కీర్తన మీద ఒక్క ప్రసంగం వినలేదు. మిగతా ఏడుపు కీర్తనల్లో దాదాపుగా చివరికొచ్చేసరికి ఎక్కడో ఒకచోట స్తోత్రం ఉంటుంది. ఇందులో లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. ఆ మాట చదివి పుస్తకం మూసి, ఆయన పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చాను. ఇంత దిగులు మాటని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు కదా, అలాగే ఉంచారు కదా అనిపించింది. ఆ రోజు నా ప్రార్థన కూడా అదే. ఆ ఒక్క వాక్యం, ఆమేన్ లేకుండా.

లేసు గురించి తెలియనివాళ్ళకి ఒక ముక్క. మా నరసాపురం ప్రాంతంలో లేసు అల్లని ఇల్లు తక్కువ. 1844 ప్రాంతంలో మెక్‌రే అనే స్కాట్లండు మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి నేర్పారని చెబుతారు. కొక్కెం ఉన్న సూది ఒకటి, తెల్ల దారం ఉండ ఒకటి. మా చేతుల మీద అల్లినవి ఏయే దేశాల్లో ఏయే బల్లల మీద పరుచుకుంటారో మాకు తెలియదు, మాకు వచ్చేది ముక్కకి ఇంతని. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, తూచి తీసుకుంటాడు. లాక్‌డౌన్‌లో ఆర్డర్లు ఆగిపోయి, 2021 జనవరిలో మళ్ళీ మొదలయ్యాయి. మామ్మగారు తన ఆర్డరులో సగం నాకిచ్చారు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం. వెలుతురు పోయేలోగా వరస పూర్తి చేయాలని తల వంచి అల్లుతున్నాను. దారం వెళ్ళి గొలుసు కొక్కానికి, పుస్తెల మధ్యకి చిక్కుకుంది. లాగితే ఇంకా బిగుసుకుంది. ముందుకి వంగితే కనపడదు, వెనక్కి వంగితే అందదు. దారం తెంపితే ముక్క మొత్తం పాడవుతుంది, నాలుగు రోజుల పని. గొలుసు తీసి ఒళ్ళో పెట్టుకుని, సూది మొనతో ఒక్కో పోగూ విడదీశాను. పుస్తె వెనక నొక్కులో ఆయన పోయిననాటి సున్నమో, చందనం సబ్బో, తెల్లగా గట్టిపడి ఉంది. దాన్నీ గోటితో తీశాను. చిక్కు వచ్చేసింది. గొలుసు పక్కన స్టూలు మీద పెట్టి మళ్ళీ అల్లుకోవడం మొదలుపెట్టాను. దీపం పెట్టి, అన్నం తిని, పడుకున్నాక అర్ధరాత్రి మెడ తడుముకుంటే లేదు. స్టూలు మీదే ఉంది. లేచి వెళ్ళి చేతిలోకి తీసుకున్నాను. మెడలో వేసుకోవాలనిపించలేదు. బీరువాలో పెట్టి వచ్చి పడుకున్నాను. ఆరు నెలలు పంతం పట్టి చేయనని కూర్చున్న సంతకం, పంతం మర్చిపోయిన సాయంత్రం అయిపోయింది.

పొలం విషయం అంత సులువుగా తేలలేదు.

ఆయన పేరు మీద సొసైటీ అప్పు ఉంది, నా గాజులు బ్యాంకులో ఉన్నాయి. రెండు పక్కలా చెరువులు, ఉప్పు ఊరి మా చేలోకి దిగిపోయింది. ఆ దాళ్వాకి కౌలుకిస్తే పైరు ఎర్రబడి, కోత ఖర్చులు కూడా రాలేదు. ఇంక కౌలుకి ఎవరూ ముందుకు రాలేదు. పక్క చెరువాయన వచ్చి, "మూడేళ్ళకి లీజు రాయండమ్మగారూ, అడ్వాన్సు ఇచ్చేస్తాను" అన్నారు. అబ్బాయి ఇచ్చేయమన్నాడు. అమ్మాయి నీ ఇష్టం అమ్మా అంది. ఆయన మాట నా చెవిలో ఉంది.

అప్పుడు మళ్ళీ "దేవుని చిత్తం" దగ్గరికి వచ్చాను. ఈసారి ఎవరో చెప్తే కాదు, నాకై నేను వెతుక్కుంటూ. గెత్సేమనే తోటలో ప్రభువు ఏమన్నాడో చిన్నప్పటి నుంచి వింటున్నదే: "నా యిష్టము కాదు, నీ చిత్తమే." కానీ దానికి ముందు ఈ గిన్నె తీసేయమని అడిగాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు వెళ్ళి అడిగాడని మత్తయిలో ఉంది. ఇష్టం లేదని చెప్పాకే రెండో మాట అన్నాడు. అదీ తన గురించి అన్నాడు గాని, ఇంకొకరి గిన్నె చూపించి నువ్వు తాగు, దేవుని చిత్తం అనలేదు. ఈ మాట నాకు తట్టాక ఎంత తేలికైందో చెప్పలేను. నేను కూడా మూడు రాత్రులు అడిగాను. నాకిష్టం లేదు ప్రభువా, వేరే దారి చూపించు అని. వేరే దారి కనపడలేదు. నాలుగో రోజు వెళ్ళి స్టాంపు పేపరు మీద సంతకం పెట్టాను.

2021 మే, కాలువలు కట్టేసిన రోజులు. పొక్లెయిన్ వచ్చింది. చూడకూడదనుకున్నాను, వెళ్ళాను. మిషను మొదట తీసింది తూము పక్కన గట్టు. ఆ ఆఖరి పొద్దున ఆయన కట్టిన గండి అది. లోపల అడ్డంగా ఒక తాటి దుంగ పెట్టి, పైన మట్టి కొట్టారు. తొట్టె పైకి లేచినప్పుడు ఆ దుంగ పళ్ళ మధ్య అడ్డంగా వేలాడింది, ఒక చివర ఇంకా ఎరువుల సంచి చుట్టి ఉంది, నైలాను తాడుతో ఆయన వేసే ముడి. డ్రైవరు కుర్రాడు బీహారో ఒరిస్సానో, నా భాష రాదు. నేను రెండు చేతులూ ఊపితే ఆపేశాడు. దుంగ చూపించాను. ఏమనుకున్నాడో, మెల్లగా తెచ్చి నా కాళ్ళ దగ్గర దించాడు. ఇప్పుడది మా పెరట్లో ఉంది. దాని మీద కూర్చునే అంట్లు తోముకుంటాను.

లీజు డబ్బుతో అప్పు తీరింది, గాజులు ఇంటికొచ్చాయి. అది మంచే. చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు పెట్టాక రాత్రంతా హోరు. వరి చేను ఉన్నప్పుడు కప్పల చప్పుడు ఉండేది. ఆరు నెలలు నేను సరిగా నిద్రపోలేదు.

ఆ మధ్యలో అబ్బాయి హైదరాబాదు తీసుకెళ్ళాడు. పదకొండో అంతస్తు. కోడలు బంగారం, "అత్తయ్యగారూ మీరేం చెయ్యొద్దు" అనేది. అదే కష్టమైంది. వాళ్ళ చర్చిలో డ్రమ్ములు, పెద్ద స్క్రీను, ఏసీ. పాటలు బాగానే ఉంటాయి గాని అందరూ చేతులెత్తి నవ్వుతూ ఉంటే నాకు 88వ కీర్తన ఎక్కడ చదువుకోవాలో తెలియలేదు. నాలుగు నెలలుండి వచ్చేశాను. దేవుడు వేరు కాదు, బెంచీలు వేరు, అమ్మ మాటే.

2022 జులైలో మళ్ళీ పెద్ద వరద. 1986 తర్వాత అంత నీరు చూడలేదని పెద్దవాళ్ళు అన్నారు. మా స్త్రీల సమాజం తరఫున పులిహోర పొట్లాలు కట్టి లంకలకి పడవ మీద తీసుకెళ్ళాం. రెండేళ్ళ తర్వాత అదే నేను నలుగురితో కలిసి చేసిన మొదటి పని. ఒక లంకలో ఒకావిడ, నా వయసే ఉంటుంది, మంచాల మీద మంచాలు ఎక్కించి, పప్పు డబ్బాలు అటక మీద పెట్టి, కోళ్ళని గంపల కింద మూసి, ఎక్కడి వస్తువు అక్కడ సర్దుతోంది. చేతులు ఎంత వేగంగా ఆడుతున్నాయో. ఏటా ఉండేదే కదా, అలవాటైపోయి ఉంటుందని, "అలవాటైందాండీ?" అన్నాను. ఆవిడ నడుం నిలబెట్టి నన్ను చూసి, "అలవాటవడం ఏంటండీ! ప్రతిసారీ తిట్టుకుంటూనే సర్దుతాం" అంది.

నాకు నవ్వొచ్చింది. పడవలో తిరిగొస్తూ కూడా నవ్వుకుంటూనే ఉన్నాను, పక్కనున్న అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, ఏమైందని అడిగేంతగా. నేను రెండేళ్ళుగా ఒప్పుకోవడం అంటే మనసులో తిట్లు ఆగిపోవడం అనుకున్నాను. ఆగకపోతే విశ్వాసం లేనట్టని టెన్షన్ పడ్డాను. ఈవిడ తిడుతూనే ఉంది, సర్దుతూనే ఉంది, రేపు ఒండ్రు కడుక్కుని ఆ ఇంట్లోనే పొయ్యి వెలిగిస్తుంది.

2023లో స్త్రీల ఆదివారం రోజున సాక్ష్యం చెప్పమన్నారు. మా గుళ్ళో సాక్ష్యమంటే ఒక పద్ధతి ఉంది. మొదట కష్టం, తర్వాత ప్రార్థన, చివర రిపోర్టు నార్మల్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, స్థలం రిజిస్ట్రేషన్ అయింది. అందరూ "స్తోత్రం" అంటారు. వాటిని తక్కువ చేయడం లేదు, నాకూ అలాంటివి జరిగాయి. కానీ ఆ రోజు నా దగ్గర చివరి భాగం లేదు. అయ్యగారికి ముందే చెప్పాను. "ఉన్నదే చెప్పమ్మా" అన్నారు.

మైకు దగ్గర నిలబడి చెప్పాను. మా ఆయన పోయారు, తిరిగి రాలేదు. పొలం పోయింది, ఉప్పు దిగింది, మళ్ళీ వరి పండుతుందో లేదో తెలియదు. ఫిలిప్పీయుల్లో నాలుగో అధ్యాయం 13వ వచనం మనందరి ఇళ్ళల్లో క్యాలెండరు మీద ఉంటుంది, నన్ను బలపరచువానియందు సమస్తమును చేయగలనని. మా ఇంట్లోనూ ఉంది. దానికి రెండు వచనాల పైన పౌలు ఏ స్థితిలో ఉన్నా సంతృప్తిగా ఉండడం "నేర్చుకొనియున్నాను" అంటాడు. జైల్లోంచి రాసిన ఉత్తరం. నేర్చుకున్నానంటే ముందు రానట్టే కదా. ఆయనకి ఎన్నేళ్ళు పట్టిందో రాయలేదు. నాకు ఇంకా రాలేదు, నేర్చుకుంటున్నాను. అంతే చెప్పి కూర్చున్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. ఫ్యాను చప్పుడు వినపడింది. తప్పు చేశాననుకున్నాను. ఆరాధన అయ్యాక గుడి వెనక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఒకావిడ వచ్చి నా పక్కన నిలబడింది. కాలువలో కొడుకు పోయినావిడ. ఏమీ అనలేదు. నా చేతులు కడగడం అయ్యేదాకా కుళాయి తిప్పి పట్టుకుంది. తర్వాత ఆవిడ కడుక్కుంది, నేను పట్టుకున్నాను. అప్పుడు క్షమించమని అడిగాను. "అప్పుడు నీకేం తెలుసులే" అంది.

మామ్మగారు ఆ శీతాకాలంలోనే పోయారు. ఆవిడ లేసు సూది నా దగ్గరుంది. సమాధుల పండగకి ఇప్పుడు రెండు చోట్ల సున్నం వేసి కొవ్వొత్తులు పెట్టాలి.

చెరువు సంగతి చెప్పి ఆపేస్తాను. మూడేళ్ళలో రెండు పంటలకి తెల్లమచ్చ రోగం వచ్చి పోయింది. లీజుదారు కూడా మునిగాడు పాపం. 2024లో గడువు అయ్యాక మళ్ళీ రాయనన్నాడు. నీళ్ళు తోడేసి, ఏరియేటర్లు ట్రాక్టరు మీద వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి పడుకున్నాను, నిద్ర పట్టలేదు. ఎందుకో చాలాసేపటికి గాని తెలియలేదు. హోరు లేదు. మూడేళ్ళు ఆ హోరుని తిట్టుకున్నాను, అదెప్పుడు నా నిద్రలో కలిసిపోయిందో నాకే తెలియదు.

రెండింటికి లేచి పెరట్లోకి వచ్చి దుంగ మీద కూర్చున్నాను. చెరువు అడుగున తెల్లగా ఉప్పు మెరుస్తోంది. ఇంకొకాయన లీజుకి అడుగుతున్నారు. ఈసారి చేపల చెరువట, మంచినీళ్ళు పెడతానంటున్నారు. తమ్ముడేమో నీళ్ళు పెట్టి ఉప్పు కడిగి ఒకసారి వరి వేసి చూడమంటున్నాడు. నాకేం తెలియడం లేదు. "ప్రభువా, మోటారు ఇంకా పాతదే" అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు. మురుగు కోడు వైపు నుంచి ఒక్క కప్ప అరిచింది, ఆగింది, మళ్ళీ అరిచింది.